బావ పిలిచిన పాపికొండల హౌసీ

మా అపార్ట్‌మెంటువాళ్ళ కార్తీక వనభోజనాల్లో భోజనం అంత ముఖ్యమైన విషయం కాదు. ఉసిరికొమ్మకు పసుపు కుంకుమ పెట్టడం, పులిహోర బాగుందంటే బాగుందని ఒకరికొకరు చెప్పుకోవడం, విస్తరాకుల దగ్గర చిన్న తోపులాట, ఇవన్నీ హౌసీకి, అదే తంబోలాకి, ముందు జరగాల్సిన లాంఛనాలు. చేతులు కడుక్కున్నవాళ్ళు కడుక్కున్నట్టే చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని టిక్కెట్ల కోసం చెయ్యి చాపుతారు. వనంలోకి వెళ్ళి మేం చేసే తపస్సు అదే.

ఆ హౌసీకి నంబర్లు పిలిచేవాడు మా బావ. బావ అంటే నా భార్యకు అన్నయ్య. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అంటాడు. మా ఊళ్ళో ఈ పిలుపు దారినపోయే ఆటో డ్రైవరుకు కూడా చెల్లుతుంది కాబట్టి, మేమిద్దరం చుట్టాలమో, ఇప్పుడే షేర్ ఆటోలో కలిసినవాళ్ళమో బయటివాళ్ళకు తెలియదు. మాకంటే రెండంతస్తుల కింద ఉంటారు ఆయనా, ఆయన భార్యా. ఆవిణ్ణి నేను అక్కా అంటాను. స్టీల్‌ప్లాంటులో క్రేన్ల కింద నిలబడి అరిచి అరిచి పెంచుకున్న గొంతు బావది. మైకు ఇస్తే పక్కన పెట్టేసేవాడు. ఆ గొంతుకు మైకు పెడితే ఉసిరికాయలు రాలిపడేవి.

అందరిలా నంబరు చదవడం ఆయనకు చేతకాదు. ఇరవై ఎనిమిది వచ్చిందనుకోండి, "సింహాచలం, సింహాచలం! అప్పన్న దగ్గరకెల్లీవోళ్ళు ముందుకి జరగండి!" అనేవాడు. ముప్పై ఎనిమిదికి, "గాజువాక! ఎక్కీసినోళ్ళు దిగొద్దు!" సిటీ బస్సుల నంబర్లన్నీ ఆయన నోట్లో తిరుగుతుండేవి. బస్సు లేని నంబరుకు తనే ఒక రూటు వేసేవాడు. "నలభై ఒకటి! ఈ బస్సు మా అత్తోరింటికెల్తది, ఎవులూ ఎక్కరు!" అని అక్క వైపు చూసేవాడు. అక్క పక్కనున్న పేపరు ప్లేటు విసిరేది. ఏటా అదే జోకు, అదే ప్లేటు. ఏటా అందరూ నవ్వేవారు.

వేసవిలో ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే ఆయన చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. పక్షవాతమని ఆసుపత్రికి తొందరగానే తీసుకువెళ్ళాం. కాలు తిరిగి వచ్చింది. కుడిచెయ్యి బద్ధకంగానైనా వచ్చింది. మాట రాలేదు.

మాట పడిపోయింది అంటారు మనవాళ్ళు. పడిపోయిన వస్తువు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని నాకు అనిపించేది. బావ విషయంలో అది నిజమే. మాటలన్నీ లోపలే ఉన్నాయి, అరలు మారిపోయాయంతే. కొత్త ఇంటికి మారినప్పుడు ఉప్పు డబ్బా కోసం చెయ్యి పెడితే సబ్బు తగిలినట్టు, మంచినీళ్ళు కావాల్సి వస్తే "తాళాలు" అనేవాడు. మనం అన్నది ఆయనకు అంతా అర్థమయ్యేది. తను అన్నది తప్పని కూడా అర్థమయ్యేది. అదే బాధ. మనిషి ముఖంలో చిన్న చిరాకు కనిపించి, వెంటనే నోరు మూసుకునేవాడు. అంత గొంతున్న మనిషి మూసుకున్న నోటి పక్కన కూర్చోవడం మాకెవరికీ అలవాటు లేదు. అందుకని అందరం ఆయన చుట్టూ మెల్లగా, మెత్తగా, ఆసుపత్రి వరండాలో మాట్లాడుకున్నట్టు మాట్లాడడం నేర్చుకున్నాం.

స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి కొన్ని బొమ్మల కార్డులు ఇచ్చింది. గ్లాసు, గొడుగు, దువ్వెన. రోజూ పేర్లు చెప్పించమంది. బావ వాటిని చూసి బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"డాక్టరమ్మ సెప్పినాది గదా, ఇనవేటి? దువ్వెన అను," అంది అక్క ఒక కార్డు ఎత్తి చూపించి.

బావ ఆవిడ వైపు ఒకసారి చూసి, తన బట్టతల మీద అరచేత్తో నిదానంగా నిమురుకున్నాడు. ఆయనకు మాట పోయింది గానీ జవాబు పోలేదు.

కార్తీకం దగ్గర పడుతుండగా అసోసియేషన్ సెక్రటరీ మా ఫ్లాటుకు వచ్చాడు. బ్యాంకులో పని చేస్తాడు, మంచివాడు, ఏ సమస్యకైనా ఫోన్లో ఒక యాప్ ఉంటుందని నమ్మే మనిషి. బావ అప్పటికే మా సోఫాలో కూర్చుని ఉన్నాడు.

"అంకుల్, ఈసారి హౌసీకి నంబర్లు ఫోనే పిలిసేస్తదండి. స్పీకరుకి కలిపీడమే. పాపం పెద్దాయన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం?" అన్నాడు నాతో. పెద్దాయన రెండడుగుల దూరంలోనే ఉన్నా, ఆయన గురించి చెప్పాల్సినవి ఆయన పక్కనున్నవాళ్ళతో చెప్పడం వేసవి నుంచి అందరికీ అలవాటైపోయింది. నాకు కూడా.

బావ ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "నాను," అన్నాడు. మిగతా వాక్యం కోసం పెదాలు కదిలాయి. అది రాలేదు. మళ్ళీ గట్టిగా, "నాను," అన్నాడు.

సెక్రటరీ నా ముఖం చూశాడు. నేను, రిటైరైన స్కూలు మేష్టార్ని, చూద్దాం అన్నాను. మేష్టారు చూద్దాం అంటే దాని అర్థం ఏమిటో అతనికి బడిలోనే తెలిసి ఉంటుంది. తల ఊపి వెళ్ళిపోయాడు. బావకూ తెలిసిపోయింది. కాఫీ తాగకుండా లేచి కిందికి దిగిపోయాడు.

మర్నాడు అసోసియేషన్ గదిలోంచి హౌసీ నంబర్ల సంచీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఇరవై ఎనిమిది చూపిస్తే "ఎర్ర" అన్నాడు. కాసేపు ఆగి, "గురువారం" అన్నాడు. ఇంకో బిళ్ళ తీశాడు, దానికి అసలేమీ రాలేదు. అంకెలే ఆయనకు అన్నిటికంటే కష్టమని థెరపీ అమ్మాయి ముందే చెప్పింది. హౌసీలో ఒక్క నంబరు తప్పు పిలిస్తే ఆటంతా చెడిపోతుంది. అది నేను చెప్పక్కర్లేదు, బావే బిళ్ళలు సంచీలో వేసి, తాడు లాగి, నా చేతిలో పెట్టాడు.

అప్పుడు నాకు అటక మీది అట్టపెట్టె గుర్తొచ్చింది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. జీవశాస్త్రం అంటే పిల్లల జీవం తీసే శాస్త్రమని వెనక బెంచీలవాళ్ళు నాకు వినబడేటట్టే అనేవారు. ఒకసారి పిల్లల్ని పాపికొండల జాతీయ ఉద్యానవనం చూపించడానికి గోదావరి మీద లాంచీలో తీసుకువెళ్ళాను. ఉద్యానవనం అన్నానని పూలమొక్కలెక్కడ సార్ అని అడిగారు. పిల్లలు నీళ్ళలో పడకుండా చూడడానికి బావ కూడా సెలవు పెట్టి వచ్చాడు. అదిగో ఆ కొండ వెనక పులి ఉందని దారి పొడవునా నేను చెబుతూనే ఉన్నాను. చివరికి ఒడ్డున కనిపించింది మేక. తిరిగొచ్చాక ఆ అడవిలో ఏ జంతువులుంటాయో రాయమంటే సగం మంది మేక అని రాశారు. ఆ అవమానంలోంచి పుట్టింది నా జంతువుల హౌసీ. టిక్కెట్టు మీద అంకెలకు బదులు తొమ్మిది బొమ్మలు. పిలిచేవాడి దగ్గర పెట్టెలో ఒక్కో జంతువుకూ ఒక్కో కార్డు. పెళ్ళి శుభలేఖల వెనక నేనే గీసి, నేనే రంగులు వేశాను. నా ఎలుగుబంటి బొగ్గుల బస్తాలా ఉంటుంది. అడవిదున్నను చూసి మా హెడ్మాస్టరు, "ఇది నేనా?" అని అడిగారు.

పెట్టె దులిపి తీసుకువెళ్తే బావ మొదట తోసేశాడు. "పిల్లల..." అన్నాడు. పిల్లల ఆట అని. ఆ తరువాత పైనున్న కార్డు ఆయన కంట పడింది. దాన్ని తీసి, దూరం పెట్టి చూసి, భుజాలు ఊగేలా నవ్వాడు.

"బొగ్గు," అన్నాడు.

"ఎలుగుబంటి, బావా."

"బొగ్గు," అన్నాడు మళ్ళీ, ఈసారి వేలితో బొమ్మ మీద కొట్టి. ఆ ఒక్కసారి మాత్రం ఆయన మాట తప్పలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు వాళ్ళ బాల్కనీలో ఆట మొదలైంది. రెయిలింగు మీద ప్లాంటు నుంచి వచ్చి వాలిన నల్లని దుమ్ము తుడవడం నా పని. ఆడేవాళ్ళం అక్క, నా భార్య, నేను. పిలిచేది బావ. స్టీలు టిఫిన్ డబ్బాలోంచి ఒక కార్డు తీసి, చూసి, పేరు చెప్పి, అందరికీ చూపించాలి. వనభోజనాల్లో ఒక ఆట ఇలా ఆయన చేతే పిలిపిస్తామని సెక్రటరీకి ఫోన్ చేశాను. "ఒక్క రౌండే గదండీ, ఆడిద్దాం. తరవాత యాప్ పెట్టీసుకుందాం," అన్నాడు.

హౌసీలో నంబరు పిలవగానే పెన్నుతో కొట్టెయ్యడం రివాజు. ఆ భాష జంతువులకు వచ్చేసరికి చిక్కొచ్చింది. "నాను నెమలి కొట్టీసాను, నువ్వు దుప్పి కొట్టీసినావా?" అని మా ఇంటి ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే కింది నుంచి వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసేవారు. వన్యప్రాణుల్ని కాపాడాలని నేర్పే ఆట కదా. పొద్దు గుంకేసరికి అడవిలో ఒక్క ప్రాణి మిగిలేది కాదు.

దానికి అక్కే అడ్డుపడింది. "పందిని నాను కొట్టను. వరాహసామి. అప్పన్న మీద అడ్డగీత గియ్యమంటావేటి నన్ను?"

అందుకని పెన్నులు తీసేసి చింతపిక్కలు తెచ్చాం. పిలిచిన జంతువు మీద పిక్క పెట్టాలి. అక్క తృప్తిపడలేదు. "పంది ఉన్నాది, మరి సింహం ఏదీ? అప్పన్నంటే వరాహ నరసిమ్మసామి గదా, సగం సామిని ఎట్టి సగం సామిని వొదిలీసినావు."

"పాపికొండల్లో సింహాలు లేవక్కా."

"నువ్వు సూసినావేటి? నీకు పులే కనబడనేదు."



మొదట్లో బావకు ఒక్కో పేరుకు చాలాసేపు పట్టేది. ఆయన అవస్థ చూడలేక నేను అందించడం మొదలుపెట్టాను. తరగతిలో అలవాటు, పిల్లవాడు తడబడితే మొదటి అక్షరం పెదాలతో చూపించేవాణ్ణి. నేను "నె" అన్నట్టు నోరు పెడితే ఆయన "నెమలి" అనేవాడు. నా భార్య ఆయన పూర్తి చేసే లోపలే కార్డు వైపు తొంగి చూసి పిక్క పెట్టేసేది. అక్క ప్రతిదానికీ "బాగా సెప్పినావు" అనేది. వారం తిరిగేసరికి ఆట చకచకా సాగిపోయింది. మాట వచ్చేస్తోందని ముగ్గురం సంబరపడి, ఒకరోజు పకోడీలు కూడా వేసుకున్నాం.

ఆ పకోడీల రోజే బావ డబ్బాలోంచి ఒక కార్డు తీసి చాలాసేపు చూశాడు. ఎప్పటిలా బోర్లా పట్టుకోకుండా, మాకు కనబడీ కనబడనట్టు కాస్త పక్కకు వంచి పట్టుకున్నాడు. స్పష్టంగా, తడబడకుండా, "పులి," అన్నాడు.

కార్డు మీద ఉన్నది మొసలి. ముగ్గురం మొసలి మీద పిక్కలు పెట్టాం.

"మొసలి. బాగా సెప్పినావు," అంది అక్క.

బావ కార్డు బల్ల మీద పెట్టాడు. లేచి వచ్చి, బద్ధకపు కుడిచేత్తోనే, మా ముగ్గురి టిక్కెట్ల మీంచి ఆ పిక్కలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేశాడు. తన నోరు చూపించి, "పులి," అన్నాడు. బల్ల మీది కార్డు చూపించి, "మొసలి," అన్నాడు. రెండూ సరిగ్గానే అన్నాడు. తరువాత మా ముగ్గురినీ వరసగా వేలితో చూపించి, "బోగీ, బోగీ, బోగీ," అన్నాడు.

పిలవని నంబరు కొట్టుకుని గెలిచానని లేచేవాణ్ణి హౌసీలో బోగీ అంటారు. వాడి టిక్కెట్టు చించేస్తారు.

పకోడీలు చల్లారిపోయాయి. ఆయన పులి అన్నా, గొడుగు అన్నా, ఏమీ అనకుండా గాలి పీల్చి వదిలినా మా పిక్కలు సరైన చోటే పడతాయని ఆయన కనిపెట్టాడు. వారం రోజులుగా ఆయన చెమటోడ్చి చెప్పిన మాటల్లో ఏవి తగిలాయో, ఏవి గురి తప్పాయో మా ఎవరికీ తెలియదు. విననే లేదు కదా. మాట పడిపోయింది ఆయనకు, చెవులు పడిపోయింది మాకు. మెత్తగా మాట్లాడుతున్నాం, మెచ్చుకుంటున్నాం, కానీ ఆయన చెప్పేదానితో మాకు ఏ అవసరమూ లేకుండా చేసుకున్నాం. అదంతా ప్రేమే. ఆ ప్రేమలో ఆయన లేకపోయినా ఆట ఆగదు.

కొత్త నియమాలు బావే పెట్టాడు, సగం సైగలతో, సగం మాటలతో. కార్డు ఎవరికీ చూపించడు. నోటితో అన్నదే లెక్క. ఎవరూ అందించకూడదు.

"ముందు మీరు నోరు మూసుకోండి," అంది నా భార్య నాతో. ఉద్యోగమంతా ఏ హెడ్మాస్టరూ సాధించలేనిది బావ ఒక్క సైగతో సాధించాడు.

అప్పటి నుంచి ఆట నత్తనడక నడిచింది. ఒక్కోసారి ఒక్క జంతువు దగ్గరే కూర్చునేవాళ్ళం. కింద స్కూటర్లు వచ్చి ఆగేవి, పక్కింట్లో కుక్కరు కూసేది, మేం బావ నోటి వైపు చూస్తూ ఉండేవాళ్ళం. అలా చూడడం నేర్చుకున్నాక తెలిసింది, ఆయన ఊరికే ఆగడు, లోపల తిరుగుతుంటాడు. పేరు దొరకకపోతే దాని చుట్టుపక్కల ఏది దొరికితే అది పట్టుకొచ్చేవాడు. ముళ్ళపందికి "సూదులు" అన్నాడు. మొసలికి "నీళ్ళు... కట్టి... నోరు" అన్నాడు, కట్టె కాబోలు. ఒంటి నిండా పెంకులుండి, బెదిరితే చుట్టుకుపోయే అలుగును చూసి, "ప్లేటు... ఇనుము... బంతి" అన్నాడు. ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను, అలుగుకు అంత మంచి నిర్వచనం నాకు తట్టలేదు.

వనభోజనాలు భీమునిపట్నం దగ్గర ఒక జీడిమామిడి తోటలో. చెట్ల అవతల సముద్రం చప్పుడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుండీలు తనే పెట్టుకున్నాడని అక్క బస్సులో అందరికీ చెప్పింది, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విననట్టు ఊరుకున్నాడు. భోజనంలో పులిహోర తప్ప ఏమీ ముట్టలేదు.

"ఇప్పుడు పెద్దాయన ఒక ఎడ్యుకేషనల్ హౌసీ ఆడిస్తారండీ," అన్నాడు సెక్రటరీ మైకులో. ఎడ్యుకేషనల్ అనగానే తిన్నవాళ్ళందరికీ ఒక్కసారి నిద్రొచ్చింది. టిక్కెట్లు పంచితే నా బొమ్మల్ని చూసి కాస్త మెలకువ వచ్చింది. "ఇదేటండీ, గుమ్మం ముందు గోనెపట్టానా?" అని ఎలుగుబంటిని పట్టుకుని ఎవరో అడిగారు. నియమాలు నేను చెప్పాను. కార్డు చూపించరు, నోటితో అన్నదే లెక్క, అందించకూడదు. చెప్పి నోరు మూసుకున్నాను.

బావ కుర్చీలో నిటారుగా కూర్చుని మొదటి కార్డు తీశాడు. మైకు వద్దన్నాడు. చూశాడు. మౌనం. మా జనానికి మౌనం తెలియదు. మా ఊళ్ళో ఒకరి మాట పూర్తయ్యేలోపల ముగ్గురు జవాబులు చెప్పేస్తారు.

"పులా?" అన్నారు ఎవరో.

"నెమలాండీ?"

నా భార్య లేచి నిలబడింది. "ఎవులూ అందించొద్దు. ఆయన్ని సెప్పనీండి!"

సముద్రం చప్పుడు ఒక్కటే మిగిలింది. "అడివికోడి," అన్నాడు బావ.

తోటంతా చప్పట్లు కొట్టింది. ఆయన ముఖం చిట్లించి అరచెయ్యి ఎత్తాడు, ఆపమని. నంబర్లు పిలిచేవాడికి ఎవరు చప్పట్లు కొడతారు? ఇంతకుముందు ఎప్పుడైనా కొట్టారా? చప్పట్లు ఆగాయి. పిక్కలు టిక్కెట్ల మీద పడ్డాయి. ఆట మొదలైంది.

అంతా బాగా జరిగిందని చెప్పలేను. సగంలో కొందరు లేచి వాలీబాల్‌కు వెళ్ళిపోయారు. ఒకాయన టిక్కెట్టు ముఖం మీద కప్పుకుని నిద్రపోయాడు. సెక్రటరీ రెండుసార్లు ఫోన్ బయటికి తీశాడు. ఒక కార్డుకు బావ "జీపు" అన్నాడు. కాదని తల ఊపి మళ్ళీ "జీపు" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నా పెదాలు వాటంతట అవే కదలబోతే చేత్తో మూసుకున్నాను. బావ ఆ కార్డును తొడ కింద పెట్టుకుని ఇంకోటి తీశాడు. రెండు మూడు జంతువులయ్యాక దాన్ని మళ్ళీ బయటికి తీసి, "గుంపు... కుక్కలు," అన్నాడు. గుంపుగా వేటాడే అడవికుక్క, రేసుకుక్క మీద పిక్క పెట్టాం. మిగిలినవాళ్ళు మెల్లగా ముందుకు జరిగి కూర్చున్నారు. పొడుపుకథ విప్పుతున్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరికీ తెలియకుండానే ఆయన నోటితో అందరికీ అవసరం పడింది.

నా భార్య నా పక్కనే కూర్చుంది. ఆవిడ టిక్కెట్టులో ఒక్క గడే మిగిలింది. కణుజు. పెద్ద కొమ్ముల దుప్పి. గళ్ళన్నీ నిండినవాళ్ళకిచ్చే ఫుల్ హౌస్ బహుమతి మూడు గిన్నెల స్టీలు క్యారియరు, దాని మీద ఆవిడకు పొద్దుటి నుంచీ కన్నుంది.

బావ కార్డు తీశాడు. చూశాడు. "కొమ్ము," అన్నాడు. ఆగాడు. అడవిదున్నకూ కొమ్ములున్నాయి, చుక్కల దుప్పికీ ఉన్నాయి. అందరం చూస్తున్నాం. ఆయన కళ్ళు ఎక్కడో వెతుకుతున్నాయి. బాల్కనీలో కణుజు వచ్చినప్పుడల్లా ఆయన ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచేది. ఇప్పుడూ లేచింది. అది చెల్లెలికి తెలుసు.

"ఫుల్ హౌస్!" అని అరిచింది నా భార్య.

సెక్రటరీ వచ్చి టిక్కెట్టు సరిచూశాడు. ఎనిమిది సరిపోయాయి. తొమ్మిదోదాని కోసం బావ చేతిలోని కార్డు వంచి చూశాడు. "కణుజే! ఆంటీకి ఫుల్ హౌస్!" అన్నాడు. జనం చప్పట్లకు చేతులెత్తారు. ఆవిడకివ్వడానికి అక్క క్యారియరు అందుకోబోయింది.

బావ అరచెయ్యి ఎత్తాడు. "ఊఁహూఁ."

"అదేటి అన్నియ్యా? కణుజే గదా! నీ సేతిలోనే ఉన్నాది గదా!"

"నాను," అన్నాడు బావ.

అంతవరకే వచ్చింది. సెక్రటరీ ఏదో అనబోయాడు, ఎవరో అతని చొక్కా పట్టి లాగారు. నిద్రపోయినాయన ముఖం మీంచి టిక్కెట్టు తీసి చూశాడు. ఎంతసేపైందో తెలియదు. వాలీబాల్ దొర్లుకుంటూ వచ్చి కుర్చీల కింద ఆగినా ఎవరూ తియ్యలేదు.

"నాను సెప్పనేదు," అన్నాడు బావ.

వేసవి తరువాత ఆయన నోట పూర్తిగా వచ్చిన మొదటి వాక్యం అది. మా ముగ్గురికీ అది తెలుసు. మిగతావాళ్ళకు తెలియదు, వాళ్ళు బహుమతి సంగతి చూస్తున్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా భార్యకు మాత్రం ఆ సమయంలో క్యారియరు తప్ప ఏమీ కనిపించలేదు, అందుకు ఆవిణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

"సెప్పకపోతే ఏటి? నాకు తెలిసిపోనాది! నువ్వు నోరు తెరిస్తే నాకు తెల్దేటి?"

"పోనీండి పెద్దాయనా, ఆంటీ కరెక్టే కదా," అన్నాడు సెక్రటరీ.

"బోగీ," అన్నాడు బావ, టిక్కెట్టు కోసం చెయ్యి చాపి.

ఆవిడ విసిరినట్టే ఇచ్చింది. ఆయన కుడిచేత్తో చించబోతే చిరగలేదు, ఎడమచెయ్యి కూడా కలిపి రెండు ముక్కలు చేశాడు. తరువాత కార్డు వైపు తిరిగి, ఇందాక ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాడు. "కొమ్ము... పెద్ద... దుప్పి." కణుజు అన్న పేరు ఆ రోజు రానేలేదు. పిక్కలు పడ్డాయి. ఆట చివరిదాకా సాగింది, క్యారియరు మూడో అంతస్తు మామ్మగారికి వెళ్ళింది. ఆ తరువాత ఫోను ఒక రౌండు పిలిచింది. ఒక్క తప్పూ లేకుండా గబగబా పిలిచింది. ఫోనుతో ఎవరూ పోట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో నా భార్య నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. బస్సు కదిలాక బావ సీట్ల కడ్డీలు పట్టుకుంటూ నడిచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నాతోటి మాటాడకు," అంది ఆవిడ. వెంటనే తనే మాట్లాడడం మొదలుపెట్టింది. "అందరి ముందరా, సొంత సెల్లిల్ని, బోగీ అంటావా? టిక్కెట్టు సింపీస్తావా? సిన్నప్పటి నుంచి అంతే నువ్వు. తొక్కుడుబిళ్ళలోనూ అంతే. నానేటి దొంగతనం సేసినానా? ఆ మామ్మకి క్యారియరు ఎందుకు, ఆవిడకి వొండుకోడానికే బద్ధకం..."

బస్సంతా వింటోంది. అక్క లేచి సర్దిచెప్పబోతే నేను వద్దని సైగ చేశాను. వేసవి నుంచి ఆయనతో ఎవరూ ఇలా గొంతు పెంచి మాట్లాడలేదు. ఋషికొండ దాటేదాకా ఆవిడ తిడుతూనే ఉంది. బావ వీపు నిటారుగా పెట్టుకుని, మధ్యమధ్య తల పంకిస్తూ, ఒక్క తిట్టు కూడా వదలకుండా విన్నాడు. వెనక నుంచి నాకు ఆయన చెవి, సగం బుగ్గ కనిపిస్తున్నాయి. బుగ్గ మీద నవ్వు దాచుకోవడం ఆయనకు చేతకావడం లేదు.

చివరికి ఊపిరాడక ఆవిడ ఆగింది. బావ ఒక వేలు ఎత్తాడు, నా వంతు అన్నట్టు. నోరు తెరిచాడు.

నా భార్య కిటికీ వదిలి ఆయన వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. "ఆఁ, సెప్పు. ఏటి సెప్తావో సెప్పు, ఇంతాను," అంది.

బస్సు సిగ్నలు దగ్గర ఆగింది, మళ్ళీ కదిలింది. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఆవిడ అందించలేదు. కోపం తగ్గకుండానే, ఆయన నోటి వైపే చూస్తూ కూర్చుంది.